ఏడాదికి 15 వేల వెబ్‌సైట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం): ఆ డబ్బుకు ఏమేం జరగాలి, షాపులో మనం ఏం చూసుకోవచ్చు?

ఇత్తడి_బిందె (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది బేగంబజార్‌ల రిటర్న్ గిఫ్టుల హోల్‌సేల్. ఇత్తడి, జర్మన్ సిల్వర్ సామాన్లు, కుంకుమ భరిణెలు, తాంబూలం సంచులు. సైటు వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉంది, వూకామర్స్ అనే అమ్మకాల ప్లగిన్ పెట్టి 600 దాకా ఐటమ్స్ ఎక్కించినం. ఆన్‌లైన్ల పైసలు కట్టి కొనేటోళ్లు తక్కువే. ఎక్కువమంది ఫొటోలు చూసి ఎంక్వైరీ ఫారం నింపుతరు, లేకుంటే వాట్సాప్ చేస్తరు.

సైటు చేసిన అమీర్‌పేట అబ్బాయి ఇప్పుడు ఏడాదికి 15 వేలు ఏఎంసీ అంటున్నడు. దాంట్ల ఏమేం వస్తయి బాబూ అంటే "అప్‌డేట్లు, బ్యాకప్, సెక్యూరిటీ" అని ఒక్క లైన్ వాట్సాప్ చేసిండు. డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ జాగ) కూడా ఆయన పేరు మీదనే కడతడు, మేము ఆయనకు ఇస్తం.

లాగిన్ అయి చూస్తే 14 అప్‌డేట్లు పెండింగ్ అని ఎర్రగ చూపెడుతున్నది. నొక్కాల్నా వద్దా? శ్రావణం ముందట సైటు పడిపోతే మా సీజన్ పోయినట్టే. కౌంటర్ల కంప్యూటర్ చూసే పిల్లగాడు ఒకడున్నడు, కోడింగ్ రాదు గాని తెలివైనోడు. వాడికి ఏ పని అప్పజెప్పొచ్చు?

ఇంకోటి. ఎండాకాలంల హోస్టింగ్ మార్చినం. అప్పటి సంది ఫారం నింపిన ఎంక్వైరీలు మా ఇన్ఫో మెయిల్‌కు వస్తలేవు. బయటోళ్లు పంపిన మెయిల్స్ మాత్రం మంచిగనే వస్తున్నయి. ఆ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌ల ఉంది. స్పామ్‌ల పడుతుండొచ్చు అన్నడు ఆ అబ్బాయి. స్పామ్‌ల కూడా లేవు. కొంచెం చెప్పుర్రి.


రూట్_యాక్సెస్

ఆ 14 అప్‌డేట్లనూ ఒకేసారి టిక్ పెట్టి నొక్కకండి. అలాగని వదిలేయనూ వద్దు. వర్డ్‌ప్రెస్ సైట్లలోకి చొరబాట్లు ఎక్కువగా పాత ప్లగిన్ల (సైటుకు అదనంగా చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్ల) లోపాల్లోంచే జరుగుతాయి. ఒక ప్లగిన్‌లో లోపం ఉందని బయటికి తెలియగానే ఆ పాత వెర్షన్ ఎక్కడెక్కడ ఉందో వెతికే బాట్లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) బయల్దేరతాయి. మా షాపు సైటుతో ఎవరికేం పని అనుకోవద్దు. బాటుకు షాపు ఎవరిదైనా ఒకటే.

ముందు బ్యాకప్. ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే చెప్తారు. ఎక్కడుందో అడగండి. బ్యాకప్ ప్లగిన్‌కు బయటి స్టోరేజీ చూపించకపోతే ఫైళ్లు సైటున్న సర్వర్‌లోనే పడి ఉంటాయి. హోస్టింగ్ అకౌంట్ పోతే బ్యాకప్ కూడా దాంతోపాటే పోతుంది. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్ ఉచిత వెర్షన్ నేరుగా గూగుల్ డ్రైవ్‌కు పంపుతుంది. ఆ డ్రైవ్ మీ షాపు అకౌంట్‌ది అయి ఉండాలి, డెవలపర్‌ది కాదు. మీ సైటుకు డేటాబేస్ (ఐటమ్స్, ఆర్డర్ల వివరాలు) రోజుకోసారి, ఫైళ్లు (ఫొటోలు, ప్లగిన్లు) వారానికోసారి చాలు. డేటాబేస్ కాపీలు 14, ఫైళ్ల కాపీలు 4 ఉంచండి. సైటులోకి ఏదో చొరబడిందని వారం పది రోజులకు తెలిస్తే, నిన్నటి కాపీ ఒక్కటే చేతిలో ఉండి ప్రయోజనం లేదు, అదీ పాడైనదే.

మీ కుర్రాడికి మొదటి పని ఇదే ఇవ్వండి. నెలకోసారి డ్రైవ్ తెరవాలి. తాజా డేటాబేస్ ఫైలు తేదీ, సైజు చూడాలి. 600 ఐటమ్స్ ఉన్న సైటుకు అది కొన్ని కేబీలే ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. తర్వాత అప్‌లోడ్స్ జిప్ (ఫొటోల మూట) దింపి విప్పాలి. లోపల సంవత్సరం, దాని కింద నెల నంబరుతో ఫోల్డర్లుంటాయి. పోయిన నెల ఫోల్డర్‌లో మీరు ఎక్కించిన భరిణె ఫొటో కనబడి, తెరుచుకుందంటే ఫైళ్లు సరిగ్గానే వస్తున్నాయి. ఇందుకు కోడింగ్ అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు మాత్రం డెవలపర్ ఆ బ్యాకప్‌తో సైటును వేరే సబ్‌డొమైన్‌లో (మీ డొమైన్ కిందే ఇంకో అడ్రస్‌లో) నిలబెట్టి చూపించాలి. ఏఎంసీకి డబ్బిచ్చేదే ఇలాంటి పనికి.

బ్యాకప్ రాత్రి 2 గంటలకని పెట్టినా తెల్లారి 9కి, ఒక్కోసారి మర్నాడు నడుస్తుంటుంది. వర్డ్‌ప్రెస్‌కు సొంత గడియారం లేదు, ఎవరైనా సైటు తెరిచినప్పుడే పెండింగ్ పనులు చూసుకుంటుంది. రాత్రిపూట మీ సైటుకొచ్చేవాళ్లు తక్కువ. సీ-ప్యానెల్‌లో (హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్) 15 నిమిషాలకోసారి నడిచేలా క్రాన్ జాబ్ (టైము ప్రకారం తనంతట తానే నడిచే పని) పెట్టించి, వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్‌ను ఆపించండి.

ఇక అప్‌డేట్లు. హోస్టింగ్‌లో సాఫ్టాక్యులస్ (సాఫ్ట్‌వేర్లు ఎక్కించే టూల్) ఉంటే స్టేజింగ్ (పరీక్షకు నకలు సైటు) ఆప్షన్ ఉంటుంది. సైటుకు నకలు తీసి ముందు దానిమీద చేయించండి. నకలు తీయగానే మూడు పనులు. గూగుల్‌కు కనబడకుండా రీడింగ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్లను వద్దనడం, పేమెంట్ గేట్‌వేను (ఆన్‌లైన్ డబ్బు తీసుకునే సర్వీసును) టెస్ట్ మోడ్‌లో పెట్టడం, కస్టమర్లకు వెళ్లే మెయిల్స్ ఆపడం. మూడోది మరిస్తే నకలు సైటు నుంచి నిజం కస్టమర్లకు ఆర్డర్ మెయిల్స్ వెళ్తాయి. అన్నిటికంటే ముఖ్యం, స్టేజింగ్‌లో బాగుంది కదా అని దాని డేటాబేస్‌ను అసలు సైటు మీదికి తోయకండి. ఈలోగా వచ్చిన ఆర్డర్లన్నీ చెరిగిపోతాయి. నకలు మీద ఏ వరుసలో చేశారో కాగితం మీద రాసుకుని, అసలు సైటులో మళ్లీ అదే వరుసలో చేయాలి.

వరుస ఏమిటంటే: చిన్న ప్లగిన్లు ముందు, ఒక్కొక్కటిగా. ఒక్కటి కాగానే సైటు ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడాలి. ఆ తర్వాత వూకామర్స్, దాని డేటాబేస్ అప్‌డేట్ అడిగితే అది పూర్తయ్యేదాకా ఆగి, పేమెంట్ ప్లగిన్. తర్వాత థీమ్ (సైటు రూపం). వర్డ్‌ప్రెస్ పెద్ద వెర్షన్ చివర. అది వచ్చిన రోజే ఎక్కించనక్కర్లేదు, దాని మొదటి సవరణ వెర్షన్ వచ్చేదాకా ఆగినా నష్టం లేదు. భద్రతా సవరణలైతే ఒక్కరోజు కూడా ఆగొద్దు. చిన్న వెర్షన్లను వర్డ్‌ప్రెస్ తనంతట తానే ఎక్కించుకుంటుంది, దాన్ని ఎవరైనా ఆపి ఉంటే మళ్లీ ఆన్ చేయించండి. ప్లగిన్లకు విడివిడిగా ఆటో-అప్‌డేట్ మీట ఉంది. ఫారం, కాషింగ్ (పేజీలను వేగంగా తెరిపించేది) లాంటివాటికి ఆన్ చేయొచ్చు. వూకామర్స్‌కు, పేమెంట్ ప్లగిన్‌కు నేనైతే ఆఫ్‌లోనే ఉంచుతాను.

మధ్యలో తెల్ల స్క్రీన్ వస్తే కంగారొద్దు. సీ-ప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, చివరగా అప్‌డేట్ చేసిన ప్లగిన్ ఫోల్డర్ పేరు వెనక ఏదో ఒక అక్షరం చేర్చండి. వర్డ్‌ప్రెస్‌కు ఆ ప్లగిన్ దొరకదు, సైటు లేస్తుంది. ఒక్కొక్కటిగా చేయమన్నది ఇందుకే, 14 కలిపి చేస్తే దేని పేరు మారుస్తారు? "మెయింటెనెన్స్ కోసం కాసేపు అందుబాటులో లేదు" అనే మాట దగ్గర ఆగిపోతే అప్‌డేట్ సగంలో తెగిందన్నమాట. ప్రధాన ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మెయింటెనెన్స్ ఫైలు తీసేస్తే చాలు. తీయకపోయినా పది నిమిషాలు దాటితే వర్డ్‌ప్రెస్ దాన్ని పట్టించుకోదు.

పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ కూడా చూడండి, సైట్ హెల్త్ పేజీలో ఉంటుంది. 7.4కు 2022 నవంబర్‌తోనే సపోర్ట్ ఆగింది, 8.1కి 2025 డిసెంబర్‌తో. 8.3కి 2027 చివరిదాకా భద్రతా సవరణలు వస్తాయి. దాన్ని కూడా ముందు స్టేజింగ్‌లో మార్చి చూడాలి. పాత థీమ్‌లు విరిగేది ఎక్కువగా ఇక్కడే.

మీకు అన్నిటికంటే మంచి ముహూర్తం ఆషాఢం. పెళ్లిళ్లుండవు, గిఫ్టుల ఆర్డర్లు పలచబడతాయి. పెద్ద మార్పులన్నీ అందులో ముగించి, శ్రావణం మొదలయ్యాక భద్రతా సవరణలు తప్ప ఏమీ ముట్టుకోకండి. రోజు కూడా ఎంచుకోండి. శనివారం సాయంత్రం చేసి ఆదివారం షాపు మూసుకోవడం కాదు, మంగళవారం పొద్దున డెవలపర్ ఫోన్ ఎత్తే టైములో.


పోస్ట్‌మాస్టర్_కోఠి

మెయిల్ సంగతికి వస్తాను. బయటివాళ్ల మెయిల్స్ వస్తున్నాయి, సొంత సైటు ఫారంవి మాత్రం రావట్లేదు, హోస్టింగ్ మారినప్పటి నుంచీ. ఈ మూడూ కలిస్తే ముందు చూడాల్సింది స్పామ్ కాదు, సీ-ప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్.

జరిగేది ఇదీ. కొత్త సర్వర్ మీ డొమైన్ మెయిల్ కూడా తన దగ్గరే ఉందనుకుంటోంది. బయటివాళ్లు పంపినవి ఎంఎక్స్ రికార్డు (ఈ డొమైన్ మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పేది) చూసి గూగుల్‌కు వెళ్తాయి. ఫారం మెయిల్ మాత్రం పుట్టేదే ఆ సర్వర్‌లో. మీ డొమైన్ పేరు చూడగానే "ఇది మన ఇంటిదే" అని లోపలే పంచేస్తుంది, గుమ్మం దాటదు. ఈమెయిల్ రూటింగ్‌లో 'లోకల్ మెయిల్ ఎక్స్చేంజర్' అని ఉంటే 'రిమోట్ మెయిల్ ఎక్స్చేంజర్' చేయండి. ఒక్క నిమిషం పని.

పాత ఎంక్వైరీలు దొరికే అవకాశం ఉంది. ఆ సర్వర్‌లో ఇన్ఫో పేరుతో మెయిల్‌బాక్స్ ఉంటే అన్నీ అందులో పడి ఉంటాయి, సీ-ప్యానెల్ వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. మెయిల్‌బాక్స్ లేకపోతే అలాంటి యూజర్ లేడని తిరిగిపోయి ఉంటాయి. ఏం జరిగిందో ట్రాక్ డెలివరీ పేజీలో కనబడుతుంది.

ఇది సరిచేశాక ఇంకో రెండు పనులు. ఫారం సెట్టింగ్స్‌లో 'ఫ్రమ్' దగ్గర కస్టమర్ మెయిల్ పెట్టి ఉంటే తీసేయండి. కస్టమర్ జీమెయిల్ పేరుతో మీ సర్వర్ మెయిల్ పంపితే అది దొంగ సంతకం కిందికే వస్తుంది, గూగుల్ అనుమానిస్తుంది. ఫ్రమ్‌లో మీ డొమైన్ అడ్రస్, రిప్లై-టూలో కస్టమర్ అడ్రస్ ఉండాలి. రెండోది, సర్వర్ మామూలు మెయిల్ ఫంక్షన్‌ను నమ్మకుండా ఎస్‌ఎంటీపీ ప్లగిన్ (మెయిల్ అకౌంట్‌లో లాగిన్ అయి పంపేది) పెట్టి గూగుల్ ద్వారానే పంపించండి. ఆ అకౌంట్‌కు టూ-స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ) ఆన్ చేస్తే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఇస్తుంది, ప్లగిన్‌లో అది పెట్టాలి, అసలు పాస్‌వర్డ్ కాదు.

ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది) డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. హోస్టింగ్ మారినప్పుడు పాతది ఉంచి కొత్తది చేరుస్తుంటారు. రెండుంటే రెండూ చెల్లవు. డీకిమ్ (మెయిల్‌కు వేసే డిజిటల్ సంతకం) రికార్డును గూగుల్ అడ్మిన్‌లో తయారుచేసి, డీఎన్‌ఎస్‌లో (డొమైన్ రికార్డులుండే చోట) చేర్చి, ఆ తర్వాత గూగుల్ అడ్మిన్‌లో ఆన్ చేయాలి. అన్నీ అయ్యాక ఫారం గ్రహీతగా కాసేపు వేరే జీమెయిల్ పెట్టి, ఫారం నింపి, వచ్చిన మెయిల్‌లో 'షో ఒరిజినల్' నొక్కండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ పక్కనా, డీమార్క్ (ఆ రెండింటినీ కలిపి చూసే నియమం) రికార్డు పెట్టి ఉంటే దాని పక్కనా పాస్ ఉండాలి.

ఫారం కాంటాక్ట్ ఫారం 7 అయితే ఇంకో మాట. అది ఎంక్వైరీని మెయిల్ చేస్తుంది తప్ప సైటులో దాచదు. మెయిల్ పోతే ఎంక్వైరీ పోయినట్టే. ఫ్లమింగో అనే ఉచిత ప్లగిన్ చేర్చండి, ప్రతి ఎంక్వైరీ కాపీ డాష్‌బోర్డులో ఉంటుంది. ఇక మీదట మీ కుర్రాడు ప్రతి సోమవారం షటర్ ఎత్తగానే ఒక ఫారం నింపి, మెయిల్ వచ్చిందో లేదో చూడాలి.


తాళంచెవి

డొమైన్ ఆయన పేరు మీద ఉందన్న వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. బ్యాకప్‌లూ అప్‌డేట్లూ తర్వాత. ముందు దీన్ని మీ పేరు మీదికి తెచ్చుకోండి, ఆ అబ్బాయి ఎంత మంచివాడైనా సరే. ఆయన ఉద్యోగమొచ్చి వెళ్లిపోవచ్చు, నంబర్ మారొచ్చు. డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉంటే యజమాని ఆయనే.

రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర మీ షాపు మెయిల్‌తో అకౌంట్ తెరవండి. అదే రిజిస్ట్రార్ అయితే అకౌంట్ మధ్య మార్పిడి అడగండి. వేరే చోటికైతే లాక్ తీయించి, ఆథ్ కోడ్ (మార్పిడికి ఇచ్చే రహస్య కోడ్) తీసుకోవాలి. కొత్తగా రిజిస్టర్ చేసిన డొమైన్‌ను, ఇంతకుముందే ఒకసారి మార్చిన డొమైన్‌ను మామూలుగా 60 రోజులదాకా మరో రిజిస్ట్రార్‌కు మార్చనివ్వరు. డాట్ కామ్ అయితే పేరు మారాక ఒక వెరిఫికేషన్ మెయిల్ వస్తుంది, 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. సైటు, మెయిల్ రెండూ ఆగుతాయి. డబ్బు కట్టాం కదా ఎందుకాగిందని హోస్టింగ్ వాళ్లతో గొడవపడే కేసుల్లో కొన్ని ఇవే.

గడువు దాటితే డాట్ కామ్‌ను వెంటనే ఎవరికీ ఇవ్వరు. మొదట మామూలు ధరకే రెన్యూ చేసుకునే కొన్ని రోజులుంటాయి, అవి ఎన్నన్నది రిజిస్ట్రార్‌ను బట్టి. తర్వాత 30 రోజుల రిడెంప్షన్, అప్పుడు విడిపించుకోవాలంటే ఫీజు బాగా ఎక్కువ. ఆపైన 5 రోజులు, అంతే, ఎవరైనా కొనుక్కోవచ్చు. మూడేళ్లకో ఐదేళ్లకో ఒకేసారి కట్టేయండి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా చూడండి. మ్యాప్స్‌లో మీ షాపుకు ప్రైమరీ ఓనర్ ఎవరు? అది ఆ అబ్బాయే అయి, మీరు అందులో లేకపోతే ఫోన్ నంబర్ ఆయన మార్చగలరు, మీరు మార్చలేరు. కొత్తగా చేర్చిన ఓనర్‌కు పూర్తి అధికారాలు రావడానికి 7 రోజులు పడుతుంది, అందుకే గొడవ వచ్చాక కాకుండా ఇప్పుడే చేసుకోండి.


ఇత్తడి_బిందె

పోస్ట్‌మాస్టర్ అన్నా, రూటింగ్ లోకల్ అనే ఉండె. రిమోట్ చేసినం, వెంటనే మెయిల్ వచ్చింది. వెబ్‌మెయిల్‌ల పాత ఎంక్వైరీలు అన్నీ దొరికినయి, ఇప్పుడు ఒక్కొక్కరికి ఫోన్ కొడుతున్నం. చాలా థాంక్స్. డొమైన్ గురించి అబ్బాయిని అడిగినం, ఇస్త అన్నడు.

ఇగ ఏఎంసీ కాగితంల ఏం రాయించుకోవాలె? 15 వేలు ఎక్కువనా?


కార్ట్_మాస్టర్

మొత్తం చూసి ఎక్కువో తక్కువో చెప్పలేం, పని చూసి చెప్పాలి. నెలకోసారి వచ్చి అప్‌డేట్ బటన్ నొక్కి పోతే ఎక్కువే. పైన రూట్_యాక్సెస్ చెప్పినట్టు స్టేజింగ్‌లో చూసి చేసి, ఏడాదికి రెండుసార్లు రీస్టోర్ చేసి చూపించి, సైటు పడితే ఆ రోజే లేపితే 15 వేలు న్యాయమైన ధరే. డొమైన్, హోస్టింగ్, ప్లగిన్ లైసెన్సులు ఇందులో కలపకండి. అవి మీ కార్డుతో, మీ అకౌంట్‌లో నేరుగా కట్టండి. థీమ్, ప్లగిన్ల కొనుగోలు బిల్లులు అడగండి. లైసెన్సు లేకుండా ఎక్కడో ఉచితంగా దొరికిన పెయిడ్ ప్లగిన్ ఏదైనా ఉంటే తీయించాల్సిందే, వాటిలో వెనక తలుపులు పెట్టి పంచుతుంటారు.

కాగితంలో ఉండాల్సినవి: నెలనెలా ఏ ప్లగిన్ ఏ వెర్షన్ నుంచి దేనికి మారిందో జాబితా, చివరి బ్యాకప్ తేదీ, సైటు పడిపోతే ఎన్ని గంటల్లో స్పందిస్తారు, నెలకు ఎన్ని గంటల చిన్న మార్పులు లోపలికి వస్తాయి, దాటితే గంటకెంత. హ్యాక్ అయితే శుభ్రం చేయడం లోపలా బయటా అన్నది స్పష్టంగా రాయించండి, తగాదాలన్నీ అక్కడే.

ప్రతి అప్‌డేట్ తర్వాత ఒక పరీక్ష తప్పనిసరి. ఒక రూపాయి ఐటమ్ ఒకటి దాచిపెట్టుకుని, ఫోన్ నుంచి యూపీఐతో కొనాలి. డబ్బు కట్ అయ్యాక వూకామర్స్‌లో ఆర్డర్ 'ప్రాసెసింగ్'కు మారాలి. 'పెండింగ్ పేమెంట్' దగ్గరే ఉంటే గేట్‌వే పంపే వెబ్‌హుక్ (డబ్బు వచ్చిందనే సందేశం) మీ సైటుకు చేరట్లేదు. సెక్యూరిటీ ప్లగిన్ అడ్డుకోవడమో, హోస్టింగ్ మారాక అడ్రస్ పాతదే ఉండటమో కారణం అవుతుంది. ఇలా వదిలేస్తే, స్టాక్ పట్టి ఉంచే గడువు మామూలుగా 60 నిమిషాలు కాబట్టి, అది దాటగానే వూకామర్స్ ఆర్డర్‌ను రద్దు చేస్తుంది. కస్టమర్ డబ్బు పోయింది, ఆర్డర్ లేదు, ఫోన్ మీకు.

మీలాంటి షాపులు మరిచేది ఇంకోటి ఉంది, టాక్స్ టేబుల్. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12 శాతం శ్లాబ్ ఎత్తేశారు. వూకామర్స్ టాక్స్ సెట్టింగ్స్‌లో ఇంకా 12 కనబడితే ఇన్నాళ్లూ తప్పు బిల్లు వెళ్తోందన్నమాట. ఏ హెచ్‌ఎస్‌ఎన్‌కు (జీఎస్టీలో సరుకు కోడ్) ఎంతో మీ ఆడిటర్‌తో రాయించుకుని, అబ్బాయితో ఆ రోజే మార్పించండి. ఇది ఏ ప్లగిన్ అప్‌డేటూ దానంతట అది సరిచేయదు.

కుర్రాడికి మిగతా పని: ఫొటోలు. ఫోన్లో తీసిన 4 ఎంబీ ఫొటోను అలాగే ఎక్కించొద్దు. పొడవు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) చేస్తే మామూలుగా 150 కేబీ లోపే వస్తుంది, నకాషీ పని స్పష్టంగానే కనబడుతుంది. వూకామర్స్ ప్రతి ఫొటోకు వేర్వేరు సైజుల కాపీలు చేస్తుంది, హోస్టింగ్‌లో ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉంటే అది ముందే నిండిపోతుంది. వాట్సాప్ లింకులో నంబర్ ముందు 91 ఉండాలి, ప్లస్సూ సున్నాలూ ఉండకూడదు, ఒకసారి నొక్కి చూడండి. నెలకోసారి గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా మీ డొమైన్ రాసి వెతకమనండి. భరిణెల బదులు జపాన్ లిపిలో పేజీలు కనబడితే సైటు హ్యాకైనట్టే, వెంటనే ఫోన్ చేయాలి.

ఎస్ఎస్ఎల్ (సైటుకు https భద్రతనిచ్చే సర్టిఫికెట్) కూడా. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులదే, దానంతట అదే రెన్యూ అవ్వాలి. గడువు దగ్గరపడిందని వాళ్లు పంపే మెయిల్స్ 2025 జూన్‌లో ఆపేశారు. బ్రౌజర్‌లో సైటు అడ్రస్ పక్కనున్న గుర్తు మీద నొక్కి సర్టిఫికెట్ గడువు తేదీ చూడటం కుర్రాడి నెలవారీ పనుల్లో రాయండి. 30 రోజుల కంటే బాగా తక్కువ మిగిలితే రెన్యూవల్ ఎక్కడో ఆగి ఉండొచ్చు.


ఇత్తడి_బిందె

అన్నీ ప్రింట్ తీసి కౌంటర్ కాడ అతికిచ్చినం. ఆఖరి డౌట్. సైటుకు అడ్మిన్ లాగిన్ ఒక్కటే ఉంది, ఆ అబ్బాయి పేరు మీద. మేము కూడా దాంతోనే పోతం. అది తీసేసి మాది పెట్టుకోవాల్నా?


రూట్_యాక్సెస్

ముందు మీ పేరుతో కొత్త అడ్మిన్ చేయించి, టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తర్వాత రెండో కోడ్ అడిగేది) పెట్టుకోండి. జనరల్ సెట్టింగ్స్‌లో అడ్మిన్ మెయిల్ కూడా మీది పెట్టండి. ప్లగిన్ ఏదైనా సైటును పడగొడితే వర్డ్‌ప్రెస్ రికవరీ లింకు పంపేది దానికే. కుర్రాడికి 'షాప్ మేనేజర్' చాలు, ఐటమ్స్, ఆర్డర్లు చూసుకోగలడు, ప్లగిన్లు ముట్టుకోలేడు. ఏఎంసీ ఉన్నన్నాళ్లు ఆ అబ్బాయి లాగిన్ అలాగే ఉండనివ్వండి, పాస్‌వర్డ్ మాత్రం ఆయనొక్కడికే తెలియాలి, మీరు దాంతో వెళ్లడం మానండి.

ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే జాగ్రత్త. డిలీట్ నొక్కగానే ఈ యూజర్ ఎక్కించిన కంటెంట్‌ను ఏం చేయమంటారని అడుగుతుంది. 'డిలీట్ ఆల్ కంటెంట్' ఎంచుకుంటే ఆయన పేరు మీదున్న పేజీలు, ఫొటోలు కూడా పోతాయి. ఇప్పటిదాకా అందరూ ఆ ఒక్క లాగిన్‌తోనే ఎక్కించారు కాబట్టి మీ ఫొటోలన్నీ ఆయన పేరు మీదే ఉన్నట్టు లెక్క. రెండో ఆప్షన్ 'ఆట్రిబ్యూట్' ఎంచుకుని, పక్కన మీ పేరు పెట్టి, అప్పుడు కన్ఫర్మ్ చేయండి.